నీళ్లు వేడెక్కేలోపు

వాకిట్లో ఎండ పడే చోట ఇత్తడి గుండిగ పెట్టి, దాని నిండా నీళ్లు పోసి, పసుపు కలిపి, వేపమండలు ముంచి మా అమ్మ పోచమ్మ గుడికి వెళ్లింది. అక్కడ సాక పోయాలి. చెంబుడు పసుపునీళ్లు గుడి ముందు ధారగా వదిలి, పెరుగన్నం పెట్టి, ఇన్నాళ్లు మా ఇంట్లో ఉన్నందుకు దండం పెట్టుకొని, ఇక మెల్లగా వెళ్లిపొమ్మని చెప్పుకోవాలి. ఆమె తిరిగి వచ్చేసరికి ఈ నీళ్లు వేడెక్కుతాయి. అప్పుడు నా బిడ్డ తేజుకు తలకు పోస్తుంది. తలకు పోసిన తర్వాత వసంత రావాలి. రాదు. నా భార్య చనిపోయింది దసరాకు ముందు, ఇప్పుడు చలికాలం కూడా దాటి ఎండలు ముదురుతున్నాయి, ఆ సంగతి మా గల్లీలో అందరికీ తెలుసు, కూరగాయల బండి అతనికి కూడా తెలుసు, ఈ ఇంట్లో తేజస్వినికి మాత్రం తెలియదు. దానికి ఐదేళ్లు. నీళ్లు వేడెక్కేలోపు ఆ మాట నేను చెప్పాలి.

తేజు లోపలి గదిలో మంచం మీద పరిచిన నా పాత నూలు పంచె మీద పడుకుంది. చాలాసార్లు ఉతికి మెత్తబడిన పంచె, పిల్లకు అదొక్కటే ఒరుసుకోవడం లేదు. చేతులకు నా సాక్సులు తొడిగాను, గీరుకోకుండా. అవి మోచేతుల దాకా వచ్చాయి. పొక్కులు చాలావరకు ఎండి నల్లబడ్డాయి, మెడ వెనుక రెండు మూడు ఇంకా పచ్చిగా ఉన్నాయి. మొదటిది నుదుటి మీద వచ్చినప్పుడు దోమ కుట్టిందనుకున్నాను, సాయంత్రానికి వీపు నిండా, కడుపు నిండా, ఒక్కో చోట నీటి చుక్క నిలబడ్డట్టు. మా అమ్మ దాని గౌను ఎత్తి చూసింది, మా అందరి చెప్పులు తీసుకెళ్లి గేటు బయట పెట్టి వచ్చింది, వచ్చి రెండు చేతులు జోడించింది. పిల్లకు కాదు, పిల్ల మీదికి వచ్చిన పోచమ్మకు. మర్నాడు నేను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆమె అడ్డం రాలేదు, వెంట రానూ లేదు. జ్వరానికి సిరప్, దురదకు గులాబీ రంగు లోషన్. సిరప్ నేను పట్టేటప్పుడు ఆమె వంటింట్లోకి వెళ్లిపోయేది, తను చూడలేదు కాబట్టి ఇవ్వనట్టే. ఆమె వేపమండతో పిల్ల ఒళ్లంతా నిమిరేటప్పుడు నేను పేపరు చదువుకునేవాణ్ని. అలా ఇద్దరం కలిసి జ్వరం దింపాం, దింపిందెవరో ఒకరినొకరం అడగకుండా.

దురద ఇప్పుడు ఎక్కువ. ఎండేటప్పుడే ఎక్కువ ఉంటుందని డాక్టరు చెప్పాడు. ఫ్యాను తిరుగుతోంది, పక్కింట్లో మగ్గం ఆడుతోంది, బాలమణి ఏదో పెళ్లి చీర పని మీద ఉంది, పొద్దున్నుంచి ఆగలేదు. ఆ చప్పుడుకు తేజు కళ్లు మూతపడతాయి, దురద పుట్టగానే తెరుచుకుంటాయి. సాక్సు చేతితో పొట్ట మీద రుద్దబోయి నన్ను చూసి ఆపుతుంది. నేను వేపమండ తీసుకొని మెల్లగా ఆడిస్తాను. దాని జుట్టు చిక్కులు కట్టి ఒక ఉండలా తయారైంది. ఈ జబ్బులో తల దువ్వకూడదు. దువ్వకూడదు, తాలింపు పెట్టకూడదు, కూర వాసన రాకూడదు, గట్టిగా అరవకూడదు, ఏడవకూడదు. ఏడిస్తే తల్లికి కోపం వచ్చి కండ్లలో పొక్కులు పోస్తుందట, కండ్లు పోతాయట. మా అమ్మ చిన్నతనంలో వాళ్ల ఊళ్లో అలా ఒక పిల్లకు పోయాయని చెప్పింది, ఆ పిల్ల పేరు కూడా చెప్పింది. నాకు నమ్మకం లేదు. కానీ తేజు కండ్లు ఎర్రగా కనిపించిన రోజు టార్చి వేసి చూశాను, ఒకసారి కాదు.

అన్నింటికన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. పిల్ల ఏది అడిగినా లేదనకూడదు. అడిగేది పిల్ల కాదు. తేజు ఈ సంగతి తొందరగానే కనిపెట్టింది. ద్రాక్షపండ్లు అడిగింది, కొబ్బరినీళ్లు అడిగింది, రిమోటు అడిగింది, నా కళ్లద్దాలు పెట్టుకుంటానంది. తర్వాత సీతాఫలం అడిగింది. ఈ ఎండల్లో సీతాఫలం ఎక్కడిది. మా అమ్మ మాత్రం, "తెస్తడు బిడ్డా, మీ డాడీ ఇప్పుడే పోయి తెస్తడు" అంది నా వైపు చూడకుండా. గద్వాల బజారంతా తిరిగాను. పండ్ల బండ్ల వాళ్లు నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు, ఒకామె మాత్రం "ఇంట్ల తల్లి ఉన్నదా సార్?" అని అడిగి, అవునంటే, ఒక ఐస్‌క్రీం దుకాణం చూపించింది. సీతాఫలం ఐస్‌క్రీం డబ్బా తెచ్చి మా అమ్మ ముందు పెట్టాను. మూత తీసి వాసన చూసింది. వేలితో తాకింది. కాసేపు ఆలోచించింది. "సల్లగున్నది గదా. తల్లికి గావాల్సింది సల్లదనమే. పెట్టు." తేజు చెంచాతో అటూ ఇటూ కలిపి చూసి, "దీంట్ల గింజలేవి అవ్వా?" అంది. "తల్లి గొంతుల పడ్తయని వాళ్లే తీసిండ్రు బిడ్డా." అని తనే నవ్వింది మా అమ్మ. దసరా తర్వాత ఆమె నవ్వడం చూడటం అదే మొదటిసారి. నేనూ నవ్వినట్టున్నాను. నవ్వగానే ఇద్దరం ఒకేసారి వసంత కోసం వంటింటి వైపు చూశాం.

అది జరిగిన తర్వాతే తేజు మమ్మీ కావాలంది. ఐస్‌క్రీం అడిగినంత మామూలుగానే. "అవ్వా, మమ్మీ గావాలె." నేను తలుపు దగ్గర ఉన్నాను. మా అమ్మ చేతిలోని వేపమండ ఆగింది. ఇన్నాళ్లు తేజు అడిగినప్పుడల్లా ఏదో ఒక మాట చెప్పి తప్పించేది, దవాఖానలో ఉంది, డాక్టర్లు పంపడం లేదు, ఫోను పనిచేయడం లేదు. ఇప్పుడు ఆ మాటలేవీ అనడానికి లేదు. ఎదురుగా కూర్చుని అడుగుతున్నది పిల్ల కాదు. మా అమ్మ పెదవులు తడుపుకుంది. "వస్తది బిడ్డా. నీకు తలకు నీళ్లు పోసినంక వస్తది." నేను బయటికి వచ్చేశాను. ఆమెను ఏమని అడగాలి. చిన్నప్పటి నుంచి ఆ తల్లికి భయపడి బతికిన మనిషి, ఇద్దరు పిల్లలను ఈ జబ్బులో అలాగే కాపాడుకున్న మనిషి, ఆ క్షణాన మనవరాలి ముఖంలో ఎవరిని చూసిందో నాకు తెలియదు. ఆ సాయంత్రం ఆమె గడప దాటి, గేటు దాటి, గల్లీ చివర కంకర కుప్ప దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఇంట్లో ఏడవకూడదు కదా. చీకటి పడేలోపు కాళ్లు కడుక్కొని లోపలికి వచ్చింది.

అప్పటి నుంచి తేజు నీళ్ల రోజు కోసం చూస్తోంది. ఏ వారం అంటే ఆదివారం అని చెప్పాం. ఆదివారం ఎప్పుడు అంటే నేను పాఠాలు చెప్పే బడికి సెలవు వచ్చినప్పుడు అన్నాం. నేను ఈ వారమంతా సెలవే పెట్టాను కాబట్టి దానికి ప్రతి పొద్దూ ఆదివారంలాగే ఉంది. "మమ్మీ వచ్చి జడేస్తది, నువ్వెయ్యకు, నువ్వు గుంజుతవు" అంది పొద్దున. రబ్బరు బ్యాండ్లు రెండు, ఎర్రవి, సాక్సు లోపల దాచుకుంది. దిండు పక్కన కొంచెం చోటు వదిలి పడుకుంటోంది.

తేజు కళ్లు మూతపడగానే నేను అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. గోడ అవతల మగ్గం ఆగింది. బాలమణి తల గోడ మీద కనిపించింది, నోట్లో దారం ముక్క. "ఏం సార్, రేణుకమ్మక్క గుడికి పోయిందా?" పోయిందన్నాను. గొంతు తగ్గించింది. "చెప్పినవా?" ఇంకా లేదన్నాను. "బడి నిండ పిల్లలను ఒక్క సూపుతోటి కూసోబెడ్తవంట. ఇంట్ల ఒక్క పిల్లకు ఒక్క మాట చెప్పనీకె గింత పరేషానా?" అంది. ఎగతాళి కాదు, ఎగతాళిలాగా అంటే నేను కదులుతానని. నేను కదలలేదు. "నన్ను జెప్పమంటవా?" వద్దన్నాను. "మరి జెప్పు జల్ది. నీళ్లు పోసినంక గా పిల్ల గేటు దిక్కు జూస్తది సార్. గది నేను జూడలేను." దారం ముక్క తుపుక్కున ఊసి దిగిపోయింది. మగ్గం వెంటనే మొదలవ్వలేదు. తను కూడా గోడ అవతల నిలబడే ఉందేమో.

వసంతకు ప్రాణం మీదికి వచ్చిన రోజు కూడా బాలమణే ముందు వచ్చింది. వసంత వంటింట్లో తల పట్టుకొని కూర్చుంది, తలనొప్పి అంది, మాట ముద్దగా వచ్చింది, ఒక చేయి పైకి లేవలేదు. ఇక్కడి దవాఖానలో చూసి కర్నూలు తీసుకెళ్లమన్నారు. అంబులెన్సులో ఆమె కళ్లు తెరిచే ఉంది. ఎర్రవల్లి దాటాం, టోల్ గేటు దాటాం, రోడ్డు పక్కన విత్తనపత్తి చేలు, ఆడవాళ్లు వంగి పూలు చూస్తున్నారు, మా బడిలో పిల్లలు తగ్గిపోయే కాలం అది, తల్లుల వెంట చేలలోకి పోతారు, ఆ పొద్దున కూడా ఎవరెవరు రాలేదో అనుకుంటూ బడికి వెళ్లాను. తుంగభద్ర వంతెన మీద ఆమె నా వైపు తల తిప్పి, "పొయ్యి మీద పాలు పెట్టిన. ఆపినవా?" అంది. ఆపాను అన్నాను. ఆపానో లేదో నాకు ఇప్పటికీ గుర్తు లేదు. వంతెన దిగాక ఆమె ఇంకేమీ అడగలేదు. తలలో నరం చిట్లిందని డాక్టర్లు చెప్పారు. వాళ్లు చేయగలిగింది చేశారు. ఒక డాక్టరమ్మాయి, మా పెద్ద తరగతి పిల్లల కన్నా కొంచెం పెద్దదేమో, బయటికి వచ్చి మాస్కు తీసి, నా కళ్లలోకి చూసి సూటిగా చెప్పింది. ఎంత కష్టమో ఆ పని. అప్పుడు నాకు తెలియలేదు.

మా చెల్లెలు రజిత తేజును ముందే అచ్చంపేట తీసుకుపోయింది. అన్నీ అయిపోయాక తీసుకొచ్చింది, కొత్త గౌను, కొత్త బూట్లు, చేతిలో బెలూను. తేజు గేటు దగ్గర నుంచే మమ్మీ అని పిలుచుకుంటూ వచ్చి, గదులన్నీ చూసి, బాత్రూమ్ తలుపు తట్టింది. కర్నూలు దవాఖానల ఉన్నది బిడ్డా అని మా అమ్మ అంది. నేను వంగి దాని బూట్ల లేసులు విప్పుతున్నాను. రెండు ముడులు. విప్పడం ఎంతసేపు పడుతుందో అంతసేపూ విప్పాను. గోడకు పెట్టాల్సిన ఫోటో బీరువాలో చీరల వెనక్కు వెళ్లింది. ఇంకొన్నాళ్లకు, నేను బండి మీద తీసుకెళ్తుంటే, ఎదురుగా వచ్చిన బస్సు బోర్డు వైపు వేలు పెట్టి తేజు గట్టిగా చదివింది, కర్నూలు అని. అక్షరాలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. వచ్చే పోయే బస్సులు చూసి నేర్చుకుంది. నా బిడ్డ తనంతట తాను చదివిన మొదటి మాట అది. బండి పక్కకు ఆపాను. ఎందుకాపినవ్ డాడీ అంది. కంట్లో దుమ్ము పడిందన్నాను. నా పని పిల్లలకు మాటలు నేర్పడం. ఏ మాట ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో చెప్పడం. ఇంట్లో ఒక్క మాట చుట్టూ ఇన్నాళ్లుగా తిరుగుతున్నాను. దేవుని దగ్గరికి పోయింది అంటే ఎప్పుడొస్తుంది అంటుంది. చుక్క అయింది అంటే చూపించమంటుంది. నిద్రపోయింది అంటే రేపటి నుంచి తను నిద్రపోదు.

మా తరగతిలో నిరోష అని ఒక పిల్ల ఉంది. వాళ్ల అమ్మ జ్వరంతో పోయింది, కొన్ని వారాలు బడికి రాలేదు. వచ్చిన రోజు నేను కుటుంబం గురించి ఒక్కొక్కరినీ లేపి చెప్పిస్తున్నాను. ఆ పిల్లను దాటేద్దామనుకున్నాను. అది తనే లేచి, "మా నాయిన జాన్. మా తమ్ముడు ప్రదీప్. మా అమ్మ చచ్చిపోయింది సార్" అని కూర్చుంది. పక్కన పిల్ల దాని వైపు చూసి, తన రబ్బరు ముక్క దాని ముందు పెట్టింది. అంతే. తర్వాతి పిల్ల లేచి వాళ్ల బర్రె పేరు కూడా చెబితే అందరూ నవ్వారు, నిరోష కూడా. అప్పటికి వసంత బతికే ఉంది. ఇంటికి వచ్చి చెప్తే వసంత, "ఆ పిల్లకు ఎవరో సక్కగ చెప్పిండ్రు, అందుకే సక్కగ చెప్పింది" అంది. అని చారులో ఉప్పు చూడమని గరిటె నా నోటి దగ్గర పెట్టింది.

వాకిట్లో ఎండ గుండిగను దాటి తులసి కోట దాకా వచ్చింది. లేచి వెళ్లి నీళ్లలో వేలు పెట్టాను. పైన వేడి, లోపల ఇంకా చల్లగానే ఉన్నాయి. చేయి మోచేతి దాకా ముంచి కలిపాను. కలపకుండా ఉంటే ఇంకొంచెం ఆలస్యమయ్యేది. వేపాకు వాసన చేతికి అంటుకుంది. వెనక్కి వచ్చేసరికి తేజు లేచి కూర్చుంది, సాక్సులు రెండూ విప్పేసి, బ్యాండ్లు ఒళ్లో పెట్టుకొని.

"కాగినయా?"

"కాగుతున్నయి."

"మమ్మీ బస్సు ఎక్కిందా?"

దాని ముందు నేల మీద కూర్చున్నాను. కళ్లు సమానంగా వచ్చాయి. ఆ డాక్టరమ్మాయి నా కళ్లలోకే ఎందుకు చూసిందో ఇప్పుడు తెలిసింది. వేరే ఎక్కడ చూసినా మాట బయటికి రాదు.

"తేజూ, మమ్మీ బస్సు ఎక్కలే. మమ్మీ రాదు బిడ్డా."

"డాక్టర్లు పంపిస్తలేరా?"

"మమ్మీ దవాఖానల లేదు. దసరా ముందు మమ్మీకి తలనొప్పి వచ్చింది గదా, తల లోపల నరం పగిలింది. డాక్టర్లు మస్తు చూసిండ్రు. మంచిగ కాలే. మమ్మీ చచ్చిపోయింది."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. తేజు ఒక బ్యాండును వేలికి చుట్టింది, విప్పింది.

"బాలమణత్త కోడిపిల్ల లెక్కనా?"

"అవును."

"అది మల్ల లేవలే."

"లేవలే."

"అవ్వ వస్తదని చెప్పింది."

"అవ్వకు నిన్ను లేదనబుద్ధి కాలే బిడ్డా. అవ్వకు గూడ మమ్మీ రావాలనే ఉన్నది."

అది నా ముఖం చూసింది. తర్వాత గేటు వైపు చూసింది, బాలమణి అన్నట్టే. తర్వాత పంచె మీదికి లాక్కొని తల దాకా కప్పుకుంది. లోపలి నుంచి, "నాకు నీళ్లు వద్దు" అంది. నీళ్లు పోయకపోతే మమ్మీ వచ్చే రోజు ఇంకా రానట్టే. ఆ రోజును అలాగే ముందుంచుకోవాలనుకుంటోంది. అంత చిన్న బుర్రలో అంత లెక్క. నేను కూడా ఇన్నాళ్లు చేసింది అదే కదా. పంచె మీది నుంచి దాని వీపు మీద చేయి వేశాను, పొక్కులు తగలని చోటు వెతికి.

గేటు చప్పుడైంది. మా అమ్మ కాళ్లు కడుక్కొని, కొత్త వేపమండ చేత పట్టుకొని లోపలికి వచ్చింది, వెనుక బాలమణి చెంబుతో. "లే బిడ్డా, తల్లి మంచిగ సల్లబడ్డది. నీళ్లు పోసుకుందాం."

"వద్దు."

"అట్లనొద్దు. ఎందుకొద్దు?"

పంచె కిందికి జారింది. "పోసుకున్నా మమ్మీ రాదంట. డాడీ చెప్పిండు. చచ్చిపోయిందంట."

మా అమ్మ నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంది, భయం ఉంది, ఇంకేదో ఉంది, బరువు మోస్తున్నవాళ్ల చేతిలోంచి ఎవరో బరువు దించినప్పుడు ముందు తూలినట్టు. తేజు నోరు తెరుచుకుంది. గొంతు వెంటనే రాలేదు. వచ్చాక, పోచమ్మ మా ఇంటికి వచ్చిన తర్వాత ఎవరి నోటి నుంచీ రాని ఏడుపు, దసరా నుంచి ఈ గోడల మధ్య రాని ఏడుపు, అంతా ఒక్కసారి వచ్చింది. బాలమణి చెంబు కింద పెట్టి ముందుకు ఉరికింది. "అయ్యో అయ్యో, ఏడ్వొద్దు తల్లీ, ఏడిస్తే కండ్లల్ల..."

"ఏడ్వనియ్యి బాలమణీ."

బాలమణి ఆగిపోయింది. నేనూ తలెత్తాను.

"ఏడ్వనియ్యే. తల్లికి నేను జెప్పుకుంట. నా మనుమరాలిని ఏమన్న అంటే నన్ను అనుమంట." మా అమ్మ వేపమండ పక్కన పడేసి తేజు మంచం ఎక్కి కూర్చుంది. "ఏడ్వు బిడ్డా. మీ అమ్మ గదా. ఏడ్వు." అని తను కూడా, గడప లోపల, ఇంటి మధ్యన, కొంగు అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది. ఇంకో గొంతు కూడా వినిపించింది. అది నాదేనని తర్వాత తెలిసింది.

కన్నీళ్లు తేజు చెంపల మీద ఎండుతున్న పొక్కుల మీదుగా జారుతున్నాయి. ఉప్పు తగిలి అది ఉలిక్కిపడింది. "మండుతున్నది డాడీ." తుడవబోయాను, తుడిస్తే చెక్కులు లేస్తాయి. వంగి ఆ చెంప మీద మెల్లగా ఊదాను. మా అమ్మ ముక్కు చీదుకొని, అటు వైపు నుంచి వంగి రెండో చెంప మీద ఊదింది. తేజు ఏడుపు ఆపలేదు. ఏడుస్తూనే ముఖం ఒకసారి నాకు, ఒకసారి వాళ్ల అవ్వకు తిప్పి ఇస్తోంది.